రక్త కాన్సరుకి కొత్త కణాల వైద్యం – తోట అమ్మేముందు ఒక్క మాట

"ఏం సార్, ఈ మాత్రలన్నీ మానిపిచ్చి ఆ కొత్త వైద్యం ఒక్కసారి చేపిస్తే మా పిల్లోనికి శాశ్వతంగా నయమైపోతాదంట గదా?"

రాజంపేటలో చిన్న అంగడి నడుపుకునే ఒక తండ్రి అడిగిన ప్రశ్న ఇది. కొడుక్కి ఏడేళ్ళు. ఎనిమిది నెలల క్రితం విడవని జ్వరం, మొహం పాలిపోవడం, కాళ్ళ మీద ఎర్రటి చుక్కలు కనిపించాయి. రక్తపరీక్ష చేయిస్తే తెల్లకణాలు లెక్కకి మించి ఉన్నాయి. వేలూరు తీసుకెళ్ళారు. 'అక్యూట్ లింఫోబ్లాస్టిక్ లుకేమియా' అన్నారు. చికిత్స మొదలుపెట్టిన కొన్ని వారాలకే ఎముకల మూలుగలో కాన్సరు కణాలు కనిపించకుండా పోయాయి. ఊడిన జుట్టు మళ్ళీ వచ్చింది. పిల్లవాడు బడికి పోతానని మారాం చేస్తున్నాడు. అంతా సవ్యంగా సాగుతున్న సమయంలో కువైట్‌లో ఉన్న బావమరిది ఫోనులో ఒక వీడియో పంపాడు. అందులో ఎవరో 'కార్-టి' అనే వైద్యం గురించి చెప్పారు. ఒక్క ఇంజక్షనుతో రక్త కాన్సరు మాయమట. ఖర్చు నలభై లక్షలట. అది విన్నప్పటి నుంచి ఆయనకి నిద్ర లేదు. కోడూరు వైపు ఉన్న రెండెకరాల మామిడితోటని బేరానికి పెట్టేశాడు.

"తోట అమ్మొద్దు. మాత్రలు అసలే మానొద్దు" అన్నాను. ఆయన నమ్మలేనట్టు చూశాడు. డబ్బు లేనివాడని తెలిసి డాక్టరు తప్పించి మాట్లాడుతున్నాడని అనుకుని ఉంటాడు. అందుకే కాస్త వివరంగా చెప్పవలసి వచ్చింది. ఇలాంటి అనుమానం మరెందరికో ఉంటుంది కనుక ఇక్కడ రాస్తున్నాను.

రక్త కాన్సరు ఒక్కటే జబ్బు కాదు

సినిమాల పుణ్యమా అని రక్త కాన్సరు అంటే మన జనానికి ఒకే ఒక బొమ్మ కళ్ళ ముందు ఆడుతుంది. హీరోయిన్ దగ్గుతుంది, రుమాలు మీద రక్తం పడుతుంది, చివరి రీలులో కన్నుమూస్తుంది. నిజానికి ఈ పేరు కింద చాలా జబ్బులున్నాయి. పిల్లలలో ఎక్కువగా కనిపించేది ఒకటి, పెద్దవారిలో త్వరత్వరగా ముదిరేది ఒకటి, ఏళ్ళ తరబడి నెమ్మదిగా నడిచేది ఒకటి. మెడలో, చంకల్లో, గజ్జల్లో బిళ్ళలు కట్టే లింఫోమాలు వేరు. వెన్నుపూసలు, పక్కటెముకలు గుల్లబారే మైలోమా వేరు. మందులు వేరు, నయమయే అవకాశాలూ వేరు. "రక్త కాన్సరుకి మంచి మందు ఏది?" అని అడగడం, "జ్వరానికి మంచి మందు ఏది?" అని అడగడం లాంటిదే. ఏ జ్వరమో తెలియనిదే జవాబు లేదు.

రక్తకణాలన్నీ ఎముకల లోపలి మూలుగలో తయారవుతాయి. ఎర్రకణాలు ప్రాణవాయువుని మోస్తాయి. ప్లేట్‌లెట్లు గాయం తగిలినచోట రక్తాన్ని గడ్డకట్టిస్తాయి. తెల్లకణాలు రోగక్రిములతో పోరాడతాయి. లుకేమియాలో ఒక తెల్లకణం పెరిగి పెద్దదై పనిలోకి దిగకుండా, పసితనంలోనే ఆగిపోయి, తనలాంటివాటినే లక్షలుగా పుట్టిస్తుంది. పొలంలో తుంగ పట్టినట్టు మూలుగంతా అవే నిండిపోతాయి. అసలు పంటకి చోటుండదు. ఎర్రకణాలు తగ్గి మనిషి పాలిపోతాడు. ప్లేట్‌లెట్లు తగ్గి చిగుళ్ళ నుంచి, ముక్కు నుంచి రక్తం వస్తుంది. పనికివచ్చే తెల్లకణాలు లేక జ్వరం విడవదు. పేర్లు మరిచిపోయినా ఈ మూడు లక్షణాలు మాత్రం గుర్తుంచుకోండి.

ఆ మాత్ర వెనుక ఒక తెలుగువాడు

రాజంపేట తండ్రి మానిపించేద్దామనుకున్న మాత్రలలో ఒకటి మెథోట్రెక్సేట్. దాని పుట్టుకలో మన తెలుగువాడి చెయ్యి ఉందని ఆయనకి తెలియదు. 1895లో పశ్చిమ గోదావరి జిల్లా భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారు అమెరికాలో లెడర్లీ కంపెనీ పరిశోధనశాలని నడిపారు. ఫోలిక్ ఆమ్లం మీద పనిచేస్తూ, దానికి ఎదురు తిరిగే మందులను ఆయన బృందం తయారుచేసింది. కణం పెరగాలంటే ఫోలిక్ ఆమ్లం కావాలి. దాని బదులు అదే రూపంలో ఉన్న ఉత్తుత్తి ఆమ్లాన్ని అందిస్తే కణం మోసపోయి ఆగిపోతుంది. ఆ మందుల్లో ఒకటైన అమినోప్టెరిన్‌ని బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ అనే డాక్టరు లుకేమియా వచ్చిన 16 మంది పిల్లలకిచ్చాడు. పదిమందిలో జబ్బు తగ్గుముఖం పట్టింది. 1948 జూన్‌లో ఆ సంగతి ప్రచురించారు. అదే ఏడాది ఆగస్టులో సుబ్బారావు గారు చనిపోయారు.

ఆ పిల్లలకి దొరికిన ఊరట తాత్కాలికమే. కొన్ని నెలలకి జబ్బు తిరగబెట్టింది. అయితే అంతవరకూ వారాల్లో ముగిసిపోయే జబ్బుకి మందనేది ఒకటి ఉండగలదని మొదటిసారి తెలిసింది అప్పుడే. తరవాత ఒకదానికి ఒకటి జోడించి, ఏ మందు ఎప్పుడు ఎంత ఇవ్వాలో పదుల ఏళ్ళు పరీక్షించి చూశారు. ఈరోజు ధనిక దేశాలలో ఈ రకం లుకేమియా వచ్చిన పిల్లల్లో పదిమందికి ఎనిమిది, తొమ్మిదిమంది బతుకుతున్నారు. వారిలో చాలామందిని బతికించేది నలభై లక్షల వైద్యం కాదు. రెండు మూడేళ్ళపాటు వరస తప్పకుండా వేసుకునే ఈ పాత మందులే.

మరి మన దగ్గర అన్ని మంచి ఫలితాలు ఎందుకు లేవు? కారణాలు చాలా ఉన్నాయి. ఆలస్యంగా రావడం, చికిత్స మధ్యలో ఇన్‌ఫెక్షన్లు రావడం అందులోవే. ఇంకొక పెద్ద కారణం, మధ్యలో మానేయడం. పిల్లవాడు ఆడుకుంటున్నాడు, అన్నం తింటున్నాడు, ఇంకా మందులెందుకు అనిపిస్తుంది. నెలనెలా వేలూరు వెళ్ళిరావాలంటే కూలి పోతుంది. వేరుశనగ పండని ఏడు అప్పు పుట్టదు. ఎవరో నాటుమందు చెబుతారు. మూలుగలో కాన్సరు 'కనిపించకపోవడం' వేరు, 'లేకపోవడం' వేరు. పైకి కలుపు తీసినంత మాత్రాన నేలలోని విత్తనం చావదు. అందుకే అన్నేళ్ళ మందు.

అసలు ఈ 'కార్-టి' ఏమిటి?

మన తెల్లకణాలలో 'టి' కణాలనే జాతి ఒకటుంది. వీటిని ఒంటి లోపలి సిపాయిలనుకోండి. వైరస్ పట్టిన కణాన్ని, చెడిపోయిన కణాన్ని వెతికి చంపడం వీటి పని. కాన్సరు కణం మాత్రం పరాయిది కాదు, మన కణమే చెడి అలా అయింది. వేషం మార్చిన ఇంటిదొంగ లాంటిది. అందుకని సిపాయి దాని పక్కనుంచే పోతాడు, పట్టుకోడు.

సిపాయికి దొంగని ఆనవాలు పట్టే కన్ను ఒకటి అమరిస్తే? ఇజ్రాయెల్ శాస్త్రవేత్త జెలిగ్ ఎష్హార్ 1989 నాటికే ఇటువంటి కన్నుని ప్రయోగశాలలో తయారుచేసి చూపించాడు. అది మనిషికి పనికివచ్చే మందుగా మారడానికి ఇరవై ఏళ్ళు పైగా పట్టింది.

పద్ధతి ఇలా ఉంటుంది. రోగి రక్తాన్ని ఒక యంత్రం గుండా పంపి, అందులోంచి టి కణాలను వేరుచేసి, మిగిలిన రక్తాన్ని మళ్ళీ ఒంట్లోకే ఎక్కిస్తారు. డెంగీ రోజుల్లో దాత నుంచి ప్లేట్‌లెట్లు మాత్రమే తీసుకునే యంత్రం చూసి ఉంటారు, దాదాపు అలాంటిదే. ఆ కణాలను ప్రయోగశాలకి తీసుకెళ్తారు. జబ్బు కలిగించలేని విధంగా మార్చిన వైరస్‌ని బండిగా వాడి, కొత్త జన్యువుని వాటిలోకి పంపుతారు. దాంతో ఆ కణాల ఒంటి మీద ఒక కొత్త కొక్కెం మొలుస్తుంది. బి జాతి తెల్లకణాల మీద 'సి.డి. 19' అనే గుర్తు ఉంటుంది. ఆ జాతిలో పుట్టిన కాన్సరు కణాల మీదా అదే గుర్తు ఉంటుంది. కొత్త కొక్కెం సరిగ్గా దాన్నే పట్టుకుంటుంది. ఇలా తర్ఫీదైన కణాలను కోట్ల సంఖ్యలో పెంచి, పరీక్షించి, గడ్డకట్టించి ఆసుపత్రికి తిరిగి పంపుతారు. రోగికి ముందు రెండు మూడు రోజులు కీమో మందులిచ్చి ఒంట్లో వాటికి చోటుచేస్తారు. ఆ తరవాత చిన్న సంచిలో ఉన్న కణాలను నరంలోకి ఎక్కిస్తారు. ఎక్కించడం కొద్ది నిమిషాల పని. ఒకరి కణాలు ఇంకొకరికి పనికిరావు. ప్రతి రోగికీ విడిగా, వాళ్ళ పేరు మీద, మొదటి నుంచీ తయారుచేయవలసిందే. ధర అంత ఉండడానికి ముఖ్య కారణం అదే.

2012లో అమెరికాలోని ఫిలడెల్ఫియాలో ఎమిలీ వైట్‌హెడ్ అనే ఆరేళ్ళ పాపకి ఈ వైద్యం చేశారు. ఈ రకం లుకేమియాకి దీన్ని పొందిన మొదటి బిడ్డ ఆమె. అప్పటికే రెండుసార్లు జబ్బు తిరగబెట్టింది. కణాలు ఎక్కించాక జ్వరం విపరీతంగా పెరిగింది, రక్తపోటు పడిపోయింది, శ్వాస యంత్రం మీద పెట్టారు. ఇక దక్కదనుకున్న సమయంలో పరీక్షలో 'ఇంటర్‌ల్యూకిన్-6' అనే పదార్థం విపరీతంగా పెరిగిందని తేలింది. ఈ పరిశోధనకి పెద్ద అయిన కార్ల్ జూన్ అనే డాక్టరు కూతురికి కీళ్ళవాతం. ఆ జబ్బుకి వాడే టోసిలిజుమాబ్ అనే మందు సరిగ్గా ఆ పదార్థాన్నే అడ్డుకుంటుందని ఆయనకి అలా తెలుసు. ఆ మందు ఇచ్చారు. పాప తేరుకుంది. పదేళ్ళు దాటాక కూడా ఆమెలో కాన్సరు తిరిగి కనిపించలేదు. ఈ వైద్యం ఎంత గట్టిదో, ఎంత ప్రమాదకరమో ఆ ఒక్క కథలోనే తెలుస్తుంది.

వీడియోలో చెప్పని సంగతులు

కణాలు ఎక్కించిన మొదటి రెండు వారాలూ కత్తి మీద సామే. జ్వరం, చలి, రక్తపోటు పడిపోవడం సాధారణంగా కనిపిస్తాయి. కొందరికి తేలికగా పోతుంది, కొందరికి ఐ.సి.యు. అవసరమవుతుంది. మరికొందరిలో మెదడు మీద ప్రభావం పడుతుంది. మాట తడబడుతుంది, ఏ రోజో, ఏ ఊరో చెప్పలేకపోతారు, చెయ్యి వణుకుతుంది. దీన్ని ముందే పసిగట్టడానికి నర్సులు ఒక చిన్న ఉపాయం వాడతారు. రోజూ రోగి చేత ఒక వాక్యం రాయిస్తారు. నిన్న గుండ్రంగా ఉన్న అక్షరం ఈరోజు గజిబిజిగా ఉంటే వెంటనే డాక్టరుని పిలుస్తారు. మన రోగి తెలుగులో రాస్తాడు కదా, ఆ అక్షరాలు చదవగలిగిన మనిషి పక్కన ఉండాలి. చిన్న విషయంలా కనిపిస్తుంది కానీ ఊరుగాని ఊళ్ళో ఇది పెద్ద విషయమే.

ఇంటికి వచ్చాక కూడా నెలల తరబడి రోగనిరోధక శక్తి తక్కువగా ఉంటుంది. కాన్సరు కణాలతోపాటు మంచి బి కణాలూ పోతాయి మరి. ఇన్‌ఫెక్షన్లు సులభంగా సోకుతాయి. కొందరికి ఇమ్యునోగ్లోబ్యులిన్ ఇంజక్షన్లు ఇవ్వవలసి వస్తుంది. ఎక్కించిన తరవాత సుమారు నెలరోజులు ఆసుపత్రికి దగ్గరలోనే గది తీసుకుని ఉండాలి. ఆ అద్దె, తోడున్నవారి తిండి, పోయిన జీతం ఎవరి లెక్కలోనూ కనపడవు. చాలా అరుదుగా ఈ మార్చిన టి కణాల నుంచే మరో కాన్సరు రావచ్చని 2024లో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ హెచ్చరిక కూడా చేర్చింది.

పైగా అందరికీ పనిచేయదు. మన దేశంలో తయారైన మొదటి కార్-టి వైద్యం 'నెక్స్‌కార్ 19'. బొంబాయి ఐ.ఐ.టి.లో రాహుల్ పుర్వార్ బృందమూ, టాటా మెమోరియల్ ఆసుపత్రి డాక్టర్లూ కలిసి తయారుచేశారు. 2023 అక్టోబరులో అనుమతి వచ్చింది. 2024 ఏప్రిల్ 4న రాష్ట్రపతి ద్రౌపది ముర్ము దాన్ని ప్రారంభించారు. 64 మంది రోగుల మీద చేసిన ప్రయోగ ఫలితాలు 2025లో లాన్సెట్ వారి రక్తవ్యాధుల పత్రికలో వచ్చాయి. నూటికి 73 మందిలో జబ్బు పూర్తిగానో, కొంతవరకో తగ్గింది. ఇతర మందులన్నీ విఫలమైన రోగులలో ఇది చాలా గొప్ప సంఖ్యే. అయినా నలుగురిలో ఒకరికి పనిచేయలేదని కూడా దాని అర్థం. తగ్గినవారిలోనూ కొందరికి మళ్ళీ తిరగబెట్టింది.

ఇక రాజంపేట పిల్లవాడి సంగతికి వస్తే, నెక్స్‌కార్ 19కి అనుమతి ఇచ్చింది 15 ఏళ్ళు నిండినవారికి. అదీ మామూలు చికిత్సకి లొంగనివారికీ, తగ్గి తిరగబెట్టినవారికీ. ఏడేళ్ళ పిల్లవాడు, మొదటి చికిత్సకి చక్కగా లొంగినవాడు, ఏ లెక్కన చూసినా దీనికి రాడు. తోట అమ్మి డబ్బు పట్టుకెళ్ళినా మంచి డాక్టరు ఎవరూ చేయరు. 2025 జనవరిలో అనుమతి పొందిన 'కార్టెమి' అనే బెంగుళూరు ఇమ్యునీల్ కంపెనీ వైద్యం కూడా పెద్దవారి లింఫోమాకి ఉద్దేశించినదే.

డబ్బు మాట

అమెరికాలో 2017లో మొదటి కార్-టి మందు వచ్చినప్పుడు దాని ధర 4,75,000 డాలర్లు. మన డబ్బుల్లో మూడు కోట్ల పైమాటే. ఆసుపత్రి ఖర్చులు అదనం. మన దేశపు మందు నలభై లక్షల చిల్లరకి వచ్చింది. పదోవంతుకి దగ్గర దగ్గరగా తేవడం మన శాస్త్రవేత్తల ఘనతే, కాదనలేం. కానీ రాజంపేట అంగడి యజమానికి మూడు కోట్లకీ నలభై లక్షలకీ తేడా ఏముంది? రెండూ అందని ద్రాక్షలే.

ప్రభుత్వ పథకాల సంగతి చూద్దాం. 2007లో మహబూబ్‌నగర్, అనంతపురం, శ్రీకాకుళం జిల్లాలతో మొదలైన ఆరోగ్యశ్రీ పేదవారికి కాన్సరు వైద్యాన్ని చాలావరకు అందుబాటులోకి తెచ్చింది. ఆంధ్రప్రదేశ్‌లో ఇప్పుడు దాని పేరు ఎన్.టి.ఆర్. వైద్య సేవ. 2023 డిసెంబరులో కుటుంబానికి పరిమితి 25 లక్షలకి పెంచారు. కేంద్రం వారి ఆయుష్మాన్ భారత్‌లో ఆ పరిమితి ఏడాదికి 5 లక్షలు. ఇక్కడే చాలామంది పొరబడతారు. 25 లక్షల పరిమితి అంటే ఏ వైద్యానికైనా 25 లక్షలు ఇస్తారని కాదు. ఒక్కొక్క చికిత్సకీ ఒక నిర్ణీత ప్యాకేజీ ఉంటుంది. ఆ చికిత్స పట్టికలో ఉంటేనే, ప్యాకేజీలో రాసినంతే ఇస్తారు. అన్నీ కలిపినా నలభై లక్షలకి చేరదు. మిగిలిన దారులు ముఖ్యమంత్రి సహాయనిధి, ప్రధానమంత్రి సహాయనిధి, కేంద్ర ఆరోగ్యశాఖ కింద ఉన్న కాన్సరు రోగుల నిధి, ధర్మసంస్థలు. ఒక్కొక్కచోట కొంత కొంత దొరకవచ్చు, అంతకుమించి ఆశ పెట్టుకోవద్దు.

అయితే ప్రభుత్వం ఇంత ఖరీదైన వైద్యం జోలికి పోవాలా? ఒక రోగికి పెట్టే నలభై లక్షలతో ఎందరి పిల్లల మామూలు చికిత్స పూర్తి చేయించవచ్చు! న్యాయమైన ప్రశ్నే. నా మటుకు నాకు మొదటి రూపాయి అక్కడికే వెళ్ళాలనిపిస్తుంది. చికిత్స మధ్యలో మానేసే పిల్లవాడిని వెతికి వెనక్కి తెచ్చే మనిషికి జీతం ఇస్తే, అంత తక్కువ ఖర్చుతో అన్ని ప్రాణాలు కాపాడే మార్గం వేరొకటి లేదు. కానీ అన్ని మందులూ వరస తప్పకుండా వాడి, అయినా జబ్బు తిరగబెట్టిన పద్ధెనిమిదేళ్ళ కుర్రవాడికి ఏం చెబుతాం? "నీ వంతు వచ్చేసరికి డబ్బులైపోయాయి" అని చెప్పడం కూడా న్యాయం కాదు.

ఖరీదైనది ఎల్లకాలం ఖరీదుగా ఉండదని మనకి తెలుసు. నెమ్మదిగా నడిచే లుకేమియాకి 2001లో ఇమాటినిబ్ అనే మాత్ర వచ్చింది. గ్లివెక్ పేరుతో విదేశీ కంపెనీ అమ్మిన రోజుల్లో నెలకి లక్షకి పైగా అయ్యేది. మన కంపెనీలు అదే మందుని నెలకి పదివేల లోపు ఇచ్చాయి. పేటెంటు కోసం ఆ కంపెనీ వేసిన దావాని 2013 ఏప్రిల్ 1న సుప్రీంకోర్టు కొట్టివేసింది. ఆ మాత్ర వేసుకుంటూ ఉద్యోగాలు చేసుకునేవారు, మనవలని ఎత్తుకునేవారు ఇప్పుడు ప్రతి ఊళ్ళోనూ ఉన్నారు. మూలుగ మార్పిడి కూడా అంతే. 1983లో టాటా మెమోరియల్‌లో మొదటిసారి చేసినప్పుడు అది పత్రికల్లో వార్త. 1986లో వేలూరులో మొదలయింది. ఈరోజు హైదరాబాదు నిమ్స్ లాంటి ప్రభుత్వ సంస్థల్లోనూ చేస్తున్నారు.

కార్-టి విషయంలో మనవాళ్ళకి దగ్గరగా జరుగుతున్న ప్రయత్నం వేలూరు క్రిస్టియన్ మెడికల్ కాలేజీ వారిది. రాయలసీమ వాళ్ళకి వేలూరు పరాయి ఊరు కాదు. తాతల కాలం నుంచీ పెద్ద జబ్బంటే అక్కడికే పరుగు. అక్కడ కణాలను దూరాన ఉన్న కర్మాగారానికి పంపకుండా, ఆసుపత్రిలోనే ఒక యంత్రంలో తయారుచేశారు. భారత వైద్య పరిశోధన మండలి సాయంతో చేసిన ఈ ప్రయోగానికి 'వెల్‌కార్ట్' అని పేరు పెట్టారు. తొమ్మిది రోజుల్లోనే కణాలు సిద్ధమయాయి. గడ్డకట్టించి పంపే పని లేకుండా తాజాగా ఎక్కించారు. 2025లో ప్రకటించిన ఫలితాల ప్రకారం లుకేమియా రోగులందరిలోనూ జబ్బు తగ్గింది. లింఫోమా రోగుల్లో సగంమందికి తగ్గింది. చాలా కొద్దిమంది మీద చేసిన ప్రయోగం కనుక ఇప్పుడే పండగ చేసుకోనక్కరలేదు. కానీ దారి మాత్రం సరైనదే. స్పెయిన్‌లో బార్సిలోనాలోని ప్రభుత్వ ఆసుపత్రి ఒకటి ఇలాగే స్వయంగా తయారుచేసిన కార్-టికి 2021లో అక్కడి ప్రభుత్వ అనుమతి సంపాదించింది. కంపెనీల ధరలో మూడోవంతుకే ఇస్తోంది. ఇంగ్లండు ప్రభుత్వ వైద్యసేవ 2018లోనే కంపెనీతో గట్టిగా బేరమాడి పిల్లలకి ఉచితంగా ఇవ్వడం మొదలుపెట్టింది. రోగికి గుణం కనిపిస్తేనే పూర్తి సొమ్ము చెల్లిస్తామని ఒప్పందం రాయించుకున్న దేశాలూ ఉన్నాయి. బేరం మనవాళ్ళకి చేతకాని విద్య కాదు. టాటా మెమోరియల్ ముందుండి నడిపే జాతీయ కాన్సరు గ్రిడ్‌లోని ఆసుపత్రులు కలిసికట్టుగా కొని, మామూలు కాన్సరు మందుల ధరలు బాగా తగ్గించాయి కదా.

ప్రతి జిల్లా ఆసుపత్రిలోనూ కార్-టి పెట్టాలని ఎవరైనా ఉపన్యాసమిస్తే నమ్మకండి. అలా పెట్టకూడదు కూడా. నెలకి ఒక్క రోగి వచ్చేచోట నర్సులకి చెయ్యి తిరగదు. రాష్ట్రానికి ఒకటో రెండో కేంద్రాలు చాలు. కావలసింది ఆ కేంద్రానికీ ఊరికీ మధ్య గొలుసు. తిరుపతిలో టాటా ట్రస్టు వారి చొరవతో వెలసిన కాన్సరు ఆసుపత్రి, స్విమ్స్, కర్నూలు రాష్ట్ర కాన్సరు సంస్థ, కడప సర్వజన ఆసుపత్రి ఇందులో కీలకం కాగలవు. కణాలు ఎక్కించుకుని వచ్చిన మనిషికి అర్ధరాత్రి జ్వరం వస్తే రాజంపేట ఆసుపత్రిలో డ్యూటీ డాక్టరు మామూలు జ్వరమని మాత్ర ఇచ్చి పంపకుండా, ఎవరికి ఫోను చేయాలో తెలిసి ఉండాలి. ఈ గొలుసుకి నలభై లక్షలు అక్కరలేదు.

మొదటి పరీక్ష మన ఊళ్ళోనే

రక్త కాన్సరుని పట్టిచ్చే మొదటి పరీక్ష ఏ మహానగరంలోనూ లేదు. రాజంపేట ఏరియా ఆసుపత్రిలోనో, పక్క వీధి లాబరేటరీలోనో ఉంది. దాని పేరు సి.బి.పి., అంటే రక్తకణాల లెక్క. గాజుపలక మీద రక్తపు చుక్క పూసి సూక్ష్మదర్శినిలో చూడమని కూడా అడగాలి. యంత్రం చెప్పే అంకె కంటే చూసే కన్ను ముఖ్యం. రెండు వారాలకి మించి జ్వరం, కారణం లేకుండా పాలిపోవడం, దెబ్బ తగలకుండానే నీలిమచ్చలు, పిల్లలు కాళ్ళ నొప్పులని రాత్రిళ్ళు ఏడవడం, మెడలో నొప్పిలేని బిళ్ళలు – వీటిలో ఏది ఉన్నా ఆ పరీక్ష చేయించండి. నూటికి తొంభై తొమ్మిది సార్లు అది కాన్సరు కాదు. మలేరియానో, టైఫాయిడో, రక్తహీనతో అవుతుంది. ఒక్క జాగ్రత్త. కారణం తెలియకుండా డెకడ్రాన్, బెట్నెసాల్ లాంటి స్టిరాయిడ్ మందులు వాడవద్దు. అవి లుకేమియాని కొద్దిరోజులు అణచి, జబ్బు దొరకకుండా చేస్తాయి. జ్వరం తగ్గిందని మనం సంతోషిస్తాం, లోపల అది పెరుగుతూనే ఉంటుంది.

ఉత్తరాలకి జవాబులు

మూలకణాల వైద్యం, కార్-టి ఒకటేనా? మా అమ్మగారి కీళ్ళనొప్పులకి మూలకణాలు ఎక్కిస్తామని ఒక క్లినిక్ వాళ్ళు రెండు లక్షలు అడుగుతున్నారు.

ఒకటి కాదు. మూలకణాల మార్పిడి అంటే రక్తాన్ని తయారుచేసే విత్తన కణాలనే మార్చడం. రక్త జబ్బులకి అది స్థిరపడిన వైద్యం. కీళ్ళనొప్పులు, మధుమేహం, పక్షవాతం వంటివాటికి డబ్బు తీసుకుని మూలకణాలు ఎక్కించడానికి భారత వైద్య పరిశోధన మండలి 2017 నిబంధనలు ఒప్పుకోవు. అనుమతి పొందిన ప్రయోగంలో భాగంగా అయితేనే చేయాలి, ప్రయోగంలో చేరినవారి నుంచి డబ్బు తీసుకోకూడదు. డబ్బు ఇవ్వకండి.

మా తమ్ముడికి లింఫోమా. రెండుసార్లు కీమో ఇచ్చినా తిరగబెట్టింది. కార్-టికి వెళ్ళవచ్చా?

మీ తమ్ముడి వంటివారి కోసమే ఈ వైద్యం వచ్చింది. కాని ముందు ఏ రకం లింఫోమానో, దాని మీద సి.డి. 19 ఉందో లేదో బయాప్సీ కాగితం చెప్పాలి. గుండె, మూత్రపిండాలు తట్టుకునేలా ఉండాలి. మూలుగ మార్పిడితో పని అవుతుందేమో కూడా చూడాలి. పాత రిపోర్టులన్నీ, బయాప్సీ ముక్క ఉంచిన మైనపు దిమ్మెతో సహా, పట్టుకుని వేలూరుకో టాటా మెమోరియల్‌కో వెళ్ళండి. కొత్త ప్రయోగాలు ఏవైనా రోగులను చేర్చుకుంటున్నాయా అని తప్పకుండా అడగండి. ప్రయోగంలో చేరితే మందుకి డబ్బు కట్టనక్కరలేదు. జబ్బు మరీ ముదిరి మనిషి మంచం పట్టాక వెళితే కణాలు తయారయ్యేలోగానే ఆలస్యమయిపోతుంది. కనుక నెలలు ఆగకండి.

మా పాపకి మెథోట్రెక్సేట్ రోజూ వేయాలా, వారానికోసారా? చీటీ మీద రాసింది అర్థం కావడం లేదు.

ఈ జబ్బులో ఇంటి దగ్గర వేసే మెథోట్రెక్సేట్ మాత్రలు వారానికి ఒక్కరోజే. రోజూ వేస్తే ప్రాణం మీదికి వస్తుంది. దానితోపాటు ఇచ్చే మెర్కాప్టోప్యూరిన్ మాత్రం రోజూ ఉంటుంది. రెండూ తారుమారు కాకుండా, వారం పేరు మీ ఆసుపత్రి వారిచేత తెలుగులో పెద్ద అక్షరాలతో రాయించుకుని కాలెండరు పక్కన అంటించండి. ఇంట్లో వేరెవరైనా మందు వేసేవారుంటే వారికీ చూపించండి.

రాజంపేట నుంచి వేలూరు వెళ్ళిరావడానికే సగం డబ్బు అయిపోతోంది. ఏమైనా రాయితీ ఉందా?

ఉంది. చికిత్సకి వెళ్ళే కాన్సరు రోగికి రైల్లో స్లీపరు, థర్డ్ ఏసీ తరగతుల్లో టిక్కెట్టు పూర్తిగా ఉచితం. తోడు వెళ్ళే ఒకరికి ఆ తరగతుల్లో నాలుగింట మూడువంతులు తగ్గింపు ఉంటుంది. వైద్యం చేస్తున్న ఆసుపత్రిలో రాయితీ ఫారం అడిగి, డాక్టరు సంతకం, ముద్ర వేయించుకోండి. దాన్ని రాజంపేట స్టేషనులో రిజర్వేషను కౌంటరులో చూపితే కాట్పాడి వరకు టిక్కెట్టు ఇస్తారు. ఒక్కో ప్రయాణానికి ఒక్కో ఫారం అడగవచ్చు కనుక, ఆసుపత్రిలో ఉన్న రోజే తిరుగు ప్రయాణానికీ, వచ్చే నెలకీ కలిపి రాయించుకోండి.